చేరాక ఒక్క మాట

కేప్ కోస్ట్ దాటాక సముద్రం ఒడ్డున చిన్న ఊరు. శుక్రవారం మధ్యాహ్నం. ఎసాబా ఇంటి పెరట్లో పొయ్యి మీద అమ్మకానికి మొక్కజొన్న పిండి కెంకీ ఉడుకుతోంది. ఆమె అన్న కోబినా, వాళ్ళ వంశానికి పెద్ద, పక్కన బల్ల మీద కూర్చుని ఫోన్‌లో ఫొటోలు చూపిస్తున్నాడు.

"ఈమేనా?"

"కాదనుకుంటా. ఈమెకి కళ్ళద్దాలున్నాయి."

"యునీస్‌కి కళ్ళద్దాలు లేవని నీకెట్లా తెలుసు?"

"తెలీదు."

"మరి?"

"తెలీదంటున్నాగా అన్నయ్యా! మొహమే గుర్తు లేదు, ఇంక కళ్ళద్దాలు గుర్తుంటాయా? జరుపు. ఇంకా కిందికి జరుపు."

"ఇదిగో, ఈమె అయ్యుంటుంది చూడు. నీ మెడ పట్టుకుని ఏడుస్తోంది."

"అందరూ నా మెడే పట్టుకున్నారు. ఈయన మగాడు."

"మగాడా? తెల్లబట్ట కప్పి పూసలు వేశాక అందరూ ఒక్కలాగే ఉంటే నేనేం చెయ్యను?"

"వాళ్ళ సంగతి పోనీ. ఇందులో నన్ను చూడు."

"నిన్ను కొత్తగా చూసేదేముంది?"

"చూడు. ఇందులో ఏడుస్తున్నా. ఇందులోనూ ఏడుస్తున్నా. ఇదిగో, ఇందులోనూ. తల అదే పక్కకి వాల్చి, నోరు అంతే తెరిచి. అచ్చు గుద్దినట్టు. ఛీ... ఆ ఫోన్ అవతల పెట్టు అన్నయ్యా, నాకు సిగ్గేస్తోంది."

"సిగ్గెందుకే? మెచ్చుకోని వాళ్ళు లేరు ఆ ఏడుపుని. కేప్ కోస్ట్ హోటల్ గోడ మీద అంత పెద్ద బొమ్మ వేశారు. 'అమ్మ ఎదురుచూస్తోంది, ఇంటికి రండి' అని."

"తెలుసు. ఆ వీధిన నడవడం మానేశా."

"నీకు అన్నీ భయాలే. సరే, మొహం దొరక్కపోతే పోనీ. నేను చెప్పేది విను. మూడేళ్ళ కిందట బార్బడోస్ వాళ్ళు ఒక బస్సు నిండా వచ్చారు. అందులో యునీస్ ఉంది. ఆదివారం పుట్టిందంటే ఎసీ అని పేరు పెట్టాం. నువ్వు అమ్మగా కూర్చున్నావు, నేను వంశంలో కలిపాను. అవునా?"

"అవును. పాపం, ఆ పేరు పెట్టించుకున్న వాళ్ళు ఇంకా ఎంతమందో."

"ఆదివారం పుట్టినవాళ్ళందరికీ అదే పేరు, అందులో తప్పేముంది? ఆ ఎసీ ఇప్పుడు పోయింది. కూతురు హోటల్ వాళ్ళని అడిగి నా నంబరు పట్టుకుని నాకు ఫోన్‌లో రాసింది, 'మా అమ్మని మీ దగ్గరికి తెస్తున్నా' అని. అంటే ఏమిటి? మన మట్టిలో కలపమనే కదా. నిన్న ఆక్రాలో దిగింది. సాయంత్రానికి ఇక్కడుంటుంది. వచ్చి, 'మా అమ్మకి పేరు పెట్టిన అమ్మ ఎవరు' అని అడుగుతుంది. నువ్వు 'నేనే' అనాలి. అంతే."

"అంతేనా?"

"అంతే. తర్వాత ఏడవాలి."

"అదీ!"

"ఊరికే ఏడవమనడం లేదు. రేపు శనివారం పొద్దున తీసుకెళ్ళి పెట్టేదాకా."

"శవం ఏ బండిలో వస్తోంది? ఐసు పెట్టారా? ఈ ఎండకి..."

"సంచిలో వస్తోంది."

"సంచిలోనా?"

"కాల్చారట. బూడిద."

"కాల్చారా! మనిషినా? పొయ్యిలో పెట్టి? అయ్యో తల్లీ, ఏం తప్పు చేసిందని..."

"తప్పు చెయ్యలేదు. అక్కడ అట్లా కూడా చేస్తారట. ఎవరి పద్ధతి వాళ్ళది. మొహం అట్లా పెట్టకు."

"అది కాదు. కూతురు పోతే తల్లి తరపు ఆడవాళ్ళం స్నానం చేయించాలి. బూడిదకి స్నానం ఎట్లా చేయించను అన్నయ్యా? నీళ్ళు పోస్తే కొట్టుకుపోదూ?"

"చేయించకు."

"చేయించకుండా పంపితే అక్కడ మన పెద్దవాళ్ళు ఊరుకుంటారా? 'దీన్ని దుమ్ముతోనే పంపారేమిటే' అని అడగరూ?"

"అడిగితే నేను చెబుతా, నువ్వు పడుకో."

"ఆవిడ వయసెంత? ఎర్రబట్ట కట్టాలా, నల్లబట్ట కట్టాలా?"

"నీకంటే పెద్దదే ఉంటుంది."

"చూశావా? నాకంటే పెద్దది. నన్ను అమ్మా అంది."

"పేరు పెట్టినవాళ్ళు అమ్మే. వయసుతో పనేముంది... ఎవరికి ఫోన్ చేస్తున్నావ్?"

"మాన్సాకి. ఒక్క నిమిషం ఆగు... ఎత్తడం లేదు. తెల్లవారి ట్రోట్రో వ్యాను ఎక్కింది కుమాసికి. చేరాక ఒక్క మాట చెప్పవే అన్నా. ఈపాటికి చేరాలి."

"ఫోన్ ఆగిపోయి ఉంటుంది."

"ఆగిపోయింది ఫోనేనని నీకెట్లా తెలుసు?"

"ఎసాబా!"

"ఆ బండి వెనక చక్రం నేను చూశాను అన్నయ్యా. నున్నగా అరిగిపోయింది. డ్రైవరు కుర్రాడు ఆవలిస్తున్నాడు. దిగి వేరే బండి ఎక్కవే అంటే అందరి ముందూ నన్ను నవ్వుతూ చూసింది. అందరూ నవ్వారు."

"నేనూ నవ్వేవాణ్ణి. రోజూ వందమంది వెళ్ళే దారి అది."

"నాకు వందమంది లేరు. ఒక్కతే. ఇద్దర్ని పోగొట్టుకున్నాక పుట్టింది, అందుకే మాన్సా అని పెట్టాం, మూడోదని. నీకు తెలుసు. అది ఇంకా దారిలో ఉండగా నేను వాకిట్లో కూర్చుని 'నా కూతురు పోయింది, నా కూతురు పోయింది' అని నోరారా ఏడవాలా? ఆ మాట వెళ్ళి ఎవరి మీద పడుతుందో!"

"ఎసీ అని పేరు పెట్టి ఏడువు. అప్పుడు ఆ మాట దారి తప్పదు."

"నా నోటికి కూతురంటే ఒక్కతే."

"ఓహో. మరి బస్సు బస్సుకీ 'నా తల్లీ, నా కొడుకా' అన్నావే?"

"అది వచ్చినందుకు. వచ్చినవాళ్ళని పట్టుకుని ఏమన్నా ఎవరికీ ఏమీ కాదు. పోయిందని అనడం వేరు. నేను అనను."

"అనకపోతే ఎట్లా? టూరిజం ఆఫీసు అమ్మాయి కెమెరా తెస్తోంది."

"కెమెరానా? దేనికి?"

"దేనికంటే... ఇంతవరకూ ఏ ఊరికీ ఇట్లాంటిది రాలేదే! పేరు పెట్టించుకున్న మనిషి తిరిగొచ్చి ఇక్కడే మట్టిలో కలవడం. ఆ అమ్మాయికి చెబితే కుర్చీలోంచి లేచి నిలబడింది. 'పెద్దాయనా, దీన్ని నలుమూలలా చూపిద్దాం' అంది. కొబ్బరితోట వెనక జాగా ఖాళీగానే ఉందిగా..."

"ఉంటే?"

"వరసలుగా కట్టించి, పూలమొక్కలు వేసి, పక్కన రెండు గదులు వేస్తే, చూడ్డానికి వచ్చే బంధువులు..."

"శ్మశానానికి బస్సులు తెస్తావా అన్నయ్యా?"

"శ్మశానం అనకు. విశ్రాంతి తోట. ఆ అమ్మాయే పెట్టింది పేరు."

"నాకు భయమేస్తోంది."

"నీకు ఎందులో వెయ్యదు చెప్పు! పోనీ నువ్వే చెప్పు, ముందు ఏముందే ఈ ఊళ్ళో? పెద్ద ఓడలొచ్చి చేపల్ని అడుగుదాకా ఊడ్చుకుపోయాయి. వలలు ఎండి, కుర్రాళ్ళు పనుల కోసం ఎడారి దాటి పోయే దారి పట్టారు. ఎందరు చేరారో, ఎందరు దారిలో... ఇవాళ ఉన్నవాళ్ళు డప్పులు వాయించుకుని, ఇంత తిని, ఎవరింట్లో వాళ్ళు పడుకుంటున్నారు. రోడ్డు వచ్చింది. బళ్ళో ఆడపిల్లలకి మరుగుదొడ్డి వచ్చింది. నీ కెంకీ ఎవరు తింటున్నారు? మాన్సా నర్సు చదువు..."

"వచ్చేసిందా! ఎప్పుడొస్తుందా ఆ మాట అని చూస్తున్నా."

"ఏం, అబద్ధమా? నువ్వు ఏడిస్తే వచ్చింది ఆ చదువు. అందులో సిగ్గుపడాల్సిందేముంది? వాళ్ళు వందల ఏళ్ళ కిందట ఈ ఒడ్డు నుంచే బానిసలుగా పోయినవాళ్ళ పిల్లలు. ఏడవాల్సిన మాటే. ఎవరో ఒకరు ఏడవాలి. నువ్వు బాగా ఏడుస్తావు."

"మొదట్లో నిజంగానే వచ్చేది అన్నయ్యా, ఒట్టు. మొట్టమొదటి బస్సప్పుడు ఇంటికొచ్చాక కూడా ఆగలేదు. తర్వాత... తర్వాత రాకపోతే మాన్సా బండి లోయలో పడ్డట్టు అనుకునేదాన్ని. వచ్చేసేది."

"చూశావా, అదీ పనితనం."

"పనితనం! సొంత కూతుర్ని రోజూ లోయలో తోసి ఏడ్చే తల్లిని. ఆ గిన్నెలు ఒకటి."

"ఏ గిన్నెలు?"

"ఏ గిన్నెలంటావేం? రెండు గిన్నెలు. నాలిక మీద ముందు నీళ్ళు వేసి, 'నీళ్ళని చెబితే నీళ్ళే కావాలి' అంటాం. తర్వాత కల్లు వేసి, 'కల్లని చెబితే కల్లే కావాలి' అంటాం. నోరు అబద్ధమాడకూడదనేగా పసిపిల్లకి పేరుతో పాటు వేసేది. రెండిట్లోనూ నీళ్ళే పోస్తున్నా నేను."

"అది నువ్వు మొదలుపెట్టిందే."

"నేనే. ఆ ముసలాయన, టోపీ ఆయన, కల్లు చుక్క పడగానే కక్కుకున్నాడు గుర్తుందా? ఆ రాత్రంతా కన్ను మూతపడలేదు. ఏ గుండె జబ్బో ఉంటే? మన వాకిట్లోనే పోతే? పోలీసులొస్తే? మర్నాటి నుంచి నీళ్ళు పోశా."

"మంచి పనే చేశావు. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరికీ తెలియలేదు."

"తెలియలేదు. అబద్ధం ఆడొద్దమ్మా అని నాలిక మీద అబద్ధం వేసి పంపా. 'కల్లు' అని నేనంటే, వాళ్ళు కళ్ళు మూసుకుని 'కల్లు' అనేవాళ్ళు. మాన్సాకి అట్లా వేశామా? నీ పిల్లలకి వేశామా?"

"వాళ్ళకి డొక్క గట్టిది."

"నవ్వకు."

"నవ్వడం లేదు. నువ్వు పాత సంగతులు తవ్వుతుంటే పొద్దు పోతోంది."

"ఇంకొకటుంది. ఆ యునీస్ ఎప్పుడైనా ఫోన్ చేసిందేమో?"

"నీకా?"

"నాకెట్లా చేస్తుంది? చివరి అంకె మార్చి ఇమ్మన్నావుగా."

"మార్చకపోతే బతకనిస్తారా? మొదట్లో నా నంబరు ఇస్తే ఏమైంది? ఒకడు అర్ధరాత్రి చేసి, 'పెద్దాయనా, నా పెళ్ళానికి మీరైనా బుద్ధి చెప్పండి' అన్నాడు. ఫోన్ దాని చేతికే ఇచ్చాడు. అది నన్ను తిట్టింది."

"ఏడు ఉన్నచోట ఎనిమిది చెబుతున్నా నేను. ఆ ఎనిమిది ఎవరిదో పాపం."

"టకోరాడిలో ఒక వెల్డింగ్ వాడిది. మొన్నామధ్య వెతుక్కుంటూ వచ్చి నా మీద కేకలు వేసిపోయాడు. లోకంలో ఉన్నవాళ్ళంతా వాడికి ఫోన్ చేసి అమ్మా అంటున్నారట."

"నాకు నవ్వు రావడం లేదు అన్నయ్యా."

"నాకూ రాలేదు. గడ్డం పట్టుకుని బతిమాలి పంపా."

"ఆ పిల్లకి నేను చెప్పేస్తా."

"ఏం చెప్పేస్తావ్?"

"మీ అమ్మ నాకు గుర్తు లేదని."

"ఏమిటీ? సముద్రం దాటి, తల్లిని సంచిలో పెట్టుకుని వచ్చిన పిల్ల మొహం మీద అనే మాటేనా అది? దానికంటే ఒక్క ఏడుపు ఏడిస్తే నీ సొమ్మేం పోయింది?"

"'ఆ రోజు మా అమ్మ ఏం మాట్లాడింది' అని అడిగితే? 'ఏం బట్ట కట్టుకుంది' అని అడిగితే? ఎవరిదో ఒకరిది చెప్పనా?"

"అదిగో, బండి."

"ఏం బండి? సాయంత్రం అన్నావే!"

"ముందే వచ్చేసింది! కెమెరా అమ్మాయి ఇంకా కొబ్బరితోట దగ్గరే ఉంది, జాగా చూస్తానని. నేను పరిగెత్తి పిలుచుకొస్తా. నువ్వు పిల్లని కూర్చోబెట్టు. నీళ్ళివ్వు. ఏమీ చెప్పకు. విన్నావా?"

"నన్నొక్కదాన్నే వదిలేసి..."

"ఇట్లా వెళ్ళి అట్లా వస్తా. నేను వచ్చేదాకా ఏడవకు!"

"అన్నయ్యా! అన్నయ్యా..."

"లోపలికి రావచ్చా అండీ? ఎసాబా గారి ఇల్లు ఇదేనా? ఇంగ్లీషు వచ్చా మీకు?"

"రామ్మా, రా. నాది బళ్ళో నేర్చుకున్న ఇంగ్లీషు, అదీ సగంలో మానేసిన బడి. కాస్త నిదానంగా మాట్లాడు."

"నేను మార్వాని. యునీస్ కూతుర్ని."

"చూస్తేనే... అవును తల్లీ. మరి ఆ సంచిలో..."

"అమ్మ."

"అయ్యో, కింద పెట్టకు! నేలంతా తడి. ఇటివ్వు. ఆగాగు, పిండి చేతులు, కడుక్కోనీ... ఇప్పుడివ్వు. ఇంత తేలికా? పెద్దావిడ అన్నారే... ఎండన పడి వచ్చింది. లోపల చాప మీద పెడతా, చల్లగా ఉంటుంది. తలుపు తెరిచే ఉంచుతా, మనం కనబడుతుంటాం."

"థాంక్సండీ."

"కూర్చో. బల్ల కుంటుతుంది, ఈ పక్కన కూర్చో. ముందు నీళ్ళు తాగు. మా దగ్గర నీళ్ళు తాగాకే వచ్చిన పని అడుగుతాం."

"ఇవి నీళ్ళేనా?"

"నీళ్ళే. కాచి చల్లార్చినవి. ఎందుకు నవ్వుతున్నావ్?"

"ఏం లేదు. తర్వాత చెబుతా."

"తిన్నావా?"

"విమానంలో పెట్టారు."

"నిన్న! నిన్న తిన్నది తిండేనా? ఇదిగో కెంకీ. వేడి, ఊదుకో. చేపలో ముల్లుంటుంది, చూసి తిను. మాట్లాడుతూ మింగకు. మా చిన్నమ్మ ఒకావిడ ముల్లు అడ్డం పడే... తిను తిను, ఆ సంగతి వద్దులే. ఒక్కదానివే వచ్చావా ఆక్రా నుంచి? ఎవర్నీ తోడు తెచ్చుకోలేదా? డ్రైవరు బాగా నడిపాడా?"

"బాగానే నడిపాడు. పెద్దాయన ఏరీ? కెమెరావాళ్ళు వస్తారని రాశారు."

"వస్తారు. అందుకే... వాళ్ళు రాకముందే నీకో మాట చెప్పాలి. అన్నయ్య వద్దన్నాడు. ఏమో, చెబితే నువ్వు లేచి వెళ్ళిపోతావేమో. వెళ్ళినా సరే, ముందు తినడం అయిపోనీ."

"చెప్పండి."

"తిను."

"తిన్నానండీ. చెప్పండి."

"నాకు... నాకు మీ అమ్మ గుర్తు లేదు తల్లీ. పొద్దుట్నుంచి ఫొటోలన్నీ తిరగేశాం. అన్నిట్లోనూ నేనే కనబడుతున్నా గానీ, ఎవరు ఎవరో తెలియడం లేదు. కూతురా అని ఏడ్చి కౌగిలించుకున్న మనిషిని మర్చిపోయా. నీ మొహం ఎట్లా చూడాలో తెలియడం లేదు. తిట్టాలనుకుంటే తిట్టు."

"అమ్మ చెప్పింది."

"ఏం చెప్పింది?"

"'ఆవిడకి నేను గుర్తుండను, అడిగి ఇబ్బంది పెట్టకు' అని."

"అంత మాట అందా?"

"కోపంతో కాదు. మా అమ్మ ఏం పని చేసేదో ఇక్కడ చెప్పిందా ఎవరికైనా?"

"గుర్తు లేదమ్మా."

"మా దగ్గరికి పెద్ద పెద్ద ఓడలొస్తాయి. ఒక్కో ఓడలోంచి ఊరంత జనం దిగుతారు. అమ్మ గళ్ళ గౌను వేసుకుని, తల మీద పళ్ళబుట్ట పెట్టుకుని రేవు మెట్ల దగ్గర నిలబడేది. ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని, 'వచ్చావా బంగారం, ఎన్నాళ్ళకొచ్చావు' అనేది. జీవితమంతా అదే పని."

"ఎండలోనా? తల మీద బుట్టతోనా? మెడ నొప్పి పుట్టదూ?"

"బుట్ట తేలికే. పళ్ళు ప్లాస్టిక్‌వి."

"ఓ."

"వాళ్ళల్లో ఒక్కరి మొహం కూడా అమ్మకి గుర్తుండేది కాదు. కొందరు మళ్ళీ వచ్చి, 'నన్ను గుర్తుపట్టావా' అనేవాళ్ళు. 'నిన్నెట్లా మర్చిపోతాను బంగారం' అనేది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పుకుని తల పట్టుకునేది, సిగ్గేస్తోందే అని."

"అయితే... అయితే మీ అమ్మకి ఇక్కడ..."

"రెండు గిన్నెలూ నీళ్ళే అని చెప్పింది నాకు."

"దేవుడా!"

"రెండో గిన్నె దగ్గర మీరు అమ్మ మొహంలోకి చూడలేదట."

"ఏమీ అనలేదే! 'కల్లు' అనే అనుంటుంది. అందరూ అనేవాళ్ళు."

"అంది. 'నా బుట్టలో పళ్ళని కొరికి చూసినవాళ్ళు ఎవరూ లేరు, అవి నీళ్ళని నేనెట్లా అంటానే' అంది నాతో."

"చాలు తల్లీ, ఇంక చెప్పకు. నేల చీలినా బాగుండు. అన్నీ తెలిసి, మరి నిన్నెందుకు పంపింది ఇక్కడికి? నా ముఖాన ఈ మాట అని రమ్మనా?"

"కాదండీ. మీ ఫోన్ మోగుతోంది."

"మోగనీ... ఆగాగు, మాన్సా! మాన్సానే! ఒక్క నిమిషం తల్లీ, కోపం తెచ్చుకోకు. ఏమేవ్! చేరావా? చేరావా అని అడుగుతున్నా... ఇంతసేపేమిటే? ... చక్రమా? చెప్పానా నీకు! అందరూ నవ్వారుగా, ఇప్పుడు నవ్వమను! దెబ్బలేమీ లేవుగా? నిజం చెప్పు. ... సరే. సరే. తిన్నావా? తిను. గది తలుపు గడియ సరిగ్గా పడుతుందో లేదో చూసుకో. ... పెట్టేస్తున్నా. పెట్టేస్తున్నానే!"

"ఎవరండీ?"

"నా కూతురు. పొద్దున వెళ్ళింది. దారిలో చక్రం పగిలి ఆగిపోయారట. చేరింది. హమ్మయ్య... ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది. క్షమించమ్మా. నీ తల్లి పోయి నువ్వుంటే నా కూతురు గొడవ నీ ముందు."

"మీ మాట నాకు అర్థం కాలేదు గానీ, ఏం అడిగారో తెలిసింది."

"ఏముంది, చేరావా, తిన్నావా."

"అదే."

"ఏది?"

"ఆ రోజు తంతంతా అయిపోయాక అమ్మ బస్సెక్కబోతుంటే మీరు వెనకాల వచ్చారట. డప్పులు ఆగిపోయాయి, ఫొటోలు తీసేవాళ్ళు వెళ్ళిపోయారు. మీరు బస్సు చుట్టూ తిరిగి చక్రాలు చూశారట."

"చూస్తాను. ప్రతి బస్సుకీ చూస్తాను. అన్నయ్య తిడతాడు, వాళ్ళని భయపెడుతున్నావని."

"డ్రైవరుని, 'రాత్రి నిద్రపోయావా బాబూ' అని అడిగారట."

"అడుగుతా."

"తర్వాత అమ్మ చెయ్యి పట్టుకుని, 'ఇంటికి చేరాక ఒక్క మాట ఫోన్ చెయ్యి, లేకపోతే నాకు నిద్ర పట్టదు' అన్నారట."

"అది... తల్లీ, అబద్ధం ఎందుకు, అది కూడా అందరితోనూ అంటాను. మీ అమ్మ ఒక్కదానితోనే కాదు."

"అమ్మకి తెలుసు. ముందు వరసలో వాళ్ళతో అంటుంటే వింది. కానీ అమ్మతో అంతకుముందెప్పుడూ ఎవరూ అనలేదండీ. పసితనంలో వాళ్ళమ్మ పోయింది. ఆ ఇంట్లో కొన్నాళ్ళు, ఈ ఇంట్లో కొన్నాళ్ళు పెరిగింది. ఎక్కడికెళ్ళినా చేరిందో లేదో ఎవరికీ అక్కర్లేదు."

"అదేమిటి, నువ్వున్నావుగా?"

"నేనెప్పుడూ అడగలేదు. అమ్మే నన్ను అడిగేది. నేను విసుక్కునేదాన్ని."

"అందరు పిల్లలూ అంతే తల్లీ. ఏడవకు. నీళ్ళు తాగు."

"ఇల్లు చేరగానే, సంచి కూడా దించకుండా మీకు ఫోన్ చేసింది."

"ఆ... ఆ నంబరు..."

"ఎవరో మగాయన ఎత్తి, 'నేను నీ అమ్మని కాను' అని అరిచాడట. మర్నాడు మళ్ళీ చేసింది. మళ్ళీ ఆయనే. 'నేనే ఎక్కడో అంకె తప్పు రాసుకున్నానే, పాపం ఆవిడ నిద్రపోకుండా కూర్చుని ఉంటుంది' అనేది. ఎన్నాళ్ళో అనేది ఆ మాట. జబ్బు పడ్డాక కూడా."

"తప్పు రాసుకోలేదు."

"ఏమిటండీ?"

"మీ అమ్మ తప్పు రాసుకోలేదు. నేనే తప్పు చెప్పా. కావాలనే. ఏడు బదులు ఎనిమిది. అందరికీ అట్లాగే చెబుతాం, మళ్ళీ ఫోన్లు రాకుండా. గిన్నెల సంగతి పట్టుకున్న మనిషి ఇది ఎందుకు పట్టుకోలేదు తల్లీ?"

"అది నిజమనుకుంది."

"నిజమే! నిద్ర పట్టకపోవడం నిజమే! వాళ్ళ బస్సులు వెళ్ళిన రాత్రల్లా నేను మేలుకునే ఉంటా, ఒట్టు, మా అన్నయ్యని అడుగు. నంబరే... నంబరే అబద్ధం. అడిగిందీ నేనే, చెప్పడానికి లేకుండా చేసిందీ నేనే."

"అయితే అమ్మ చేసిన ఫోన్లు మీదాకా రానేలేదు."

"తిట్టు తల్లీ. అట్లా చూడకు. రేపు ఆ పెట్టడం అదీ అయ్యేదాకా నన్ను నీ కళ్ళబడొద్దంటే పడను."

"పెట్టడం ఏమిటండీ?"

"అదే, మట్టిలో. మన మట్టిలో కలపమందటగా మీ అమ్మ."

"ఎవరన్నారు? అమ్మ ఆ మాటే ఎత్తలేదు. 'మా అమ్మని మీ దగ్గరికి తెస్తున్నా' అని మాత్రం రాశాను. మట్టిలో కలపాలో, సముద్రంలో కలపాలో, తిరిగి తీసుకెళ్ళాలో, అమ్మ ఏమీ చెప్పలేదు. అదంతా మీ ఇష్టం, నా ఇష్టం."

"మరి ఇంత దూరం ఎందుకు తెచ్చావు?"

"పోయేముందు రోజు నా చెయ్యి పట్టుకుని అంది. 'ఫోన్ ఎట్లాగూ అందడం లేదు. నన్ను తీసుకెళ్ళి, ఆవిడతో ఒక్క మాట చెప్పవే, నేను చేరానని.'"

"ఆగాగు, ఎసాబా, అప్పుడే మొదలుపెట్టావా! నేను వచ్చేదాకా ఏడవకు అన్నానా? రామ్మా, కెమెరా ఇటు పెట్టు, వెలుతురు ఇటుంది. ఎసాబా, ఇటు తిరుగు. మొహం కనబడాలి. చేతులు తియ్యి... ఎసాబా? ఎసాబా, ఏమైందే? ... వద్దమ్మాయ్. కెమెరా ఆపు. ఆపమంటున్నానా! ఇది ఆ ఏడుపు కాదు."